సంతకం ఎవరిది? అమెరికా ఫెడరల్ అరెస్ట్ వారెంట్, ఆ తర్వాతి కొన్ని గంటలు

2019 జనవరి చివర్లో అమెరికాలోని పలు నగరాల్లో భారతీయ విద్యార్థులను ఇమిగ్రేషన్ అధికారులు అదుపులోకి తీసుకున్నారు. వాళ్లంతా మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’లో చేరినవాళ్లు. అక్కడ క్లాసులు లేవు, ప్రొఫెసర్లు లేరు. దాన్ని నడిపింది హోంల్యాండ్ సెక్యూరిటీ (అమెరికా అంతర్గత భద్రతా శాఖ) రహస్య ఏజెంట్లే. మొదటి విడతలో పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో చాలామంది తెలుగు పిల్లలు. తర్వాతి నెలల్లో ఆ సంఖ్య సుమారు 250కి చేరింది. విద్యార్థులను అందులో చేర్పించారని మరో ఎనిమిది మందిపై డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో క్రిమినల్ కేసు పెట్టారు.

మన పత్రికల్లో, టీవీల్లో ఇదంతా ‘అమెరికాలో తెలుగు విద్యార్థుల అరెస్ట్’ అనే ఒకే వార్తగా వచ్చింది. నిజానికి అవి రెండు వేర్వేరు అరెస్టులు. ఆ ఎనిమిది మందిది ఫెడరల్ క్రిమినల్ కోర్టు కేసు, నేరం రుజువైతే జైలు. విద్యార్థులది ఇమిగ్రేషన్ చట్టం కింద జరిగిన అడ్మినిస్ట్రేటివ్ అరెస్ట్. వాళ్ల మీద క్రిమినల్ కేసు లేదు, ఎదురైన ముప్పు దేశం నుంచి పంపించేయడం. రెండింటికీ కాగితం వేరు, కోర్టు వేరు, హక్కులు వేరు, పెట్టుకోవాల్సిన లాయర్ కూడా వేరే. ఈ తేడా తెలియకపోతే, ఇంట్లో ఒకరిని పట్టుకెళ్లినప్పుడు మొదటి రోజంతా పనికిరాని ఫోన్లతోనే గడిచిపోతుంది.

అందుకే కాగితంతోనే మొదలుపెడదాం.

ఫెడరల్ క్రిమినల్ అరెస్ట్ వారెంట్‌కు ‘ఏఓ 442’ అనే ఫారం ఉంది. పైన ‘యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్’ అని, దాని కింద ఏ డిస్ట్రిక్ట్ అన్నది ఉంటుంది. దేశం మొత్తం మీద ఇలాంటి ఫెడరల్ డిస్ట్రిక్టులు 94. తర్వాత కేసు నంబరు, అరెస్ట్ చేయాల్సిన వ్యక్తి పేరు. ఆపైన వరసగా చిన్న చిన్న గడులు: ఇండైట్‌మెంట్ (గ్రాండ్ జ్యూరీ అనే పౌరుల బృందం మోపే అభియోగం), ఇన్ఫర్మేషన్ (ప్రాసిక్యూటర్ నేరుగా మోపే అభియోగం), కంప్లయింట్ (ప్రమాణం చేసి ఇచ్చే ఫిర్యాదు), ప్రొబేషన్ ఉల్లంఘన ఇలా. ఏ పత్రం ఆధారంగా వారెంట్ ఇచ్చారో ఆ గడిలో టిక్కు పెడతారు. కింద నేరం ఏమిటో క్లుప్తంగా రాస్తారు. చివర్లో తేదీ, ఊరు, సంతకం, సంతకం చేసినవారి హోదా. ఆ సంతకం కంప్లయింట్ మీద ఇచ్చిన వారెంట్ అయితే న్యాయమూర్తిది, ఇండైట్‌మెంట్ మీద ఇచ్చినదైతే కోర్టు క్లర్క్‌ది. ఏదైనా అది కోర్టు నుంచి వచ్చిన కాగితమే.

ఇమిగ్రేషన్ వాళ్ల కాగితం ‘ఐ-200’. దాని మీద కూడా వారెంట్ అనే ఉంటుంది. కానీ పైన కోర్టు పేరు ఉండదు, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పేరు ఉంటుంది. కింద సంతకం ఇమిగ్రేషన్ అధికారిది. న్యాయమూర్తి దాన్ని చూడలేదు. ఈ కాగితంతో బయట కనిపించిన మనిషిని అదుపులోకి తీసుకోవచ్చు గానీ, మన అనుమతి లేకుండా ఇంట్లోకి రావడానికి అది ఒక్కటీ చాలదు. కోర్టు ఇచ్చిన క్రిమినల్ అరెస్ట్ వారెంట్ అలా కాదు. నిందితుడి సొంత ఇల్లయి, అతను లోపలే ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే లోపలికి రావచ్చని 1980లో పేటన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతని కోసం ఇంకొకరి ఇంట్లోకి వెళ్లాలంటే మాత్రం విడిగా సెర్చ్ వారెంట్ కావాలని మరుసటి ఏడాది స్టీగాల్డ్ కేసులో చెప్పింది. స్నేహితుడు రెండు రోజులు మీ ఇంట్లో ఉంటున్నప్పుడు తలుపు తడితే ఈ తేడా చాలా పెద్దది.

ఏ కాగితం తెచ్చినా ఒక జాగ్రత్త మాత్రం మారదు. పారిపోవద్దు, అడ్డుపడొద్దు, చేతులు కనపడేలా ఉంచాలి. తలుపు తీయకుండానే కాగితాన్ని కిటికీలోంచి చూపించమని, తలుపు కింద నుంచి తోయమని మర్యాదగా అడగొచ్చు. ‘వెతకడానికి నేను ఒప్పుకోవడం లేదు’ అని నోటితో చెప్పొచ్చు. అయినా లోపలికి వస్తే తోసేయడం, తలుపు అడ్డం పెట్టడం లాంటివి చేయకూడదు. వచ్చింది తప్పో ఒప్పో తర్వాత జడ్జి ముందు లాయర్ తేలుస్తాడు. కొన్నిసార్లు అధికారి చేతిలో వారెంట్ కాగితం ఉండకపోవచ్చు. అంతమాత్రాన అరెస్ట్ చెల్లకుండా పోదు. వారెంట్ ఉందని, నేరం ఇదని చెప్పాలి, మనం అడిగితే వీలైనంత త్వరగా దాన్ని చూపించాలి. నిబంధన అంతే.

మన దేశంలో కోర్టుల తీరు తెలిసినవాళ్లు అమెరికాలో తడబడేది ఇంకొక చోట. ఇక్కడ ముందు ఎఫ్ఐఆర్, ఆ తర్వాత అరెస్ట్, దర్యాప్తు, చివరికి చార్జిషీట్. అక్కడ ఫెడరల్ కేసుల్లో చాలావరకు దర్యాప్తు ముందే అయిపోతుంది. ఏజెంట్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బ్యాంకు లెక్కలు, ఈమెయిళ్లు, ఫోన్ రికార్డులు పోగుచేస్తారు. ఫార్మింగ్టన్ వ్యవహారంలో రహస్య ఏజెంట్లు 2015 నుంచే పనిచేశారు. ఆ తర్వాత ప్రాసిక్యూటర్ గ్రాండ్ జ్యూరీ ముందుకు వెళ్తాడు. అందులో 16 నుంచి 23 మంది మామూలు పౌరులు ఉంటారు, కనీసం 12 మంది ఒప్పుకుంటే ఇండైట్‌మెంట్ వస్తుంది. నిందితుడు గానీ అతని లాయర్ గానీ అక్కడ వాదించే వీలు ఉండదు. అరెస్ట్ అయ్యేదాకా ఆ ఇండైట్‌మెంట్‌ను సీల్ చేసి ఉంచవచ్చు. అంటే వారెంట్ ఉన్నట్టు ఎక్కడ వెతికినా కనపడదు. కోర్టు రికార్డుల వెబ్‌సైట్ ‘పేసర్’లో పేరు లేదు కాబట్టి కేసు లేదనుకోవడానికి వీల్లేదు.

ముందస్తు బెయిల్ కూడా అక్కడ లేదు. హైదరాబాద్‌లో ఉన్న బంధువులు ‘యాంటిసిపేటరీ బెయిల్ వేయించండి’ అంటూ ఒత్తిడి చేయడం మామూలే. ఫెడరల్ కోర్టులో అలాంటి పిటిషనే లేదు. దానికి కాస్త దగ్గరగా ఉండే దారి మాత్రం ఒకటి ఉంది. తన మీద దర్యాప్తు జరుగుతోందని ముందే తెలిస్తే, లాయర్ నేరుగా ప్రాసిక్యూటర్ ఆఫీసుతో మాట్లాడి వారెంట్ బదులు సమన్లు ఇప్పించమని అడగవచ్చు. ప్రభుత్వ న్యాయవాది కోరితే జడ్జి వారెంట్ బదులు సమన్లే ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. లేదంటే ఫలానా రోజు ఫలానా టైముకి క్లయింట్ తనంతట తాను లొంగిపోయేలా మాట్లాడుకోవచ్చు. పొద్దున్నే పిల్లల ముందు బేడీలు వేసుకుని వెళ్లడం కంటే, లాయర్‌ను వెంటబెట్టుకుని కోర్టు భవనంలోని మార్షల్స్ (నిందితులను అదుపులో ఉంచే ఫెడరల్ అధికారులు) ఆఫీసుకు వెళ్లడం ఎంతో మేలు. బెయిల్ విచారణలో ‘నా క్లయింట్ పారిపోయే మనిషి కాదు, తనే నడిచి వచ్చాడు’ అని చెప్పుకోవడానికి ఇంతకంటే గట్టి మాట ఉండదు.

దర్యాప్తు సంగతి ముందే ఎలా తెలుస్తుంది? కొందరికి ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి, దర్యాప్తు మీ మీదేనని చెప్పే ‘టార్గెట్ లెటర్’ వస్తుంది. కొందరి కంపెనీకి గ్రాండ్ జ్యూరీ నుంచి సబ్‌పోనా (రికార్డులు ఇవ్వమనో, సాక్ష్యం చెప్పమనో ఆదేశం) వస్తుంది. ఎక్కువమందికి తెలిసేది మాత్రం ఇద్దరు ఏజెంట్లు ఇంటికి వచ్చి, విజిటింగ్ కార్డు ఇచ్చి, ‘చిన్న విషయం, రెండు ప్రశ్నలు అడగొచ్చా’ అన్నప్పుడే.

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం అదే. వారెంట్ కంటే కూడా.

మనవాళ్లకు తప్పు చేయలేదని నిరూపించుకోవాలన్న తపన ఎక్కువ. ఎదుటివాడు మర్యాదగా మాట్లాడితే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఉన్నదంతా చెప్పేస్తే పోతుందనుకుంటారు. నిజాయితీ ఉన్నవాళ్లే ఇందులో ఎక్కువ దెబ్బతింటారు. ఫెడరల్ ఏజెంట్‌కు ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పడం దానంతట అదే ఒక నేరం, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. దానికి ప్రమాణం చేయించక్కర్లేదు, కాగితం మీద సంతకం అక్కర్లేదు. ‘డబ్బు తీసుకున్నావా?’ అంటే టెన్షన్‌లో ‘లేదు’ అన్న ఒక్క మాట అబద్ధమైనా చాలని 1998లో బ్రోగన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు కేసులో ఏమీ దొరక్కపోయినా ఈ ఒక్క అబద్ధం మీద కేసు నడపవచ్చు. పైగా ఏజెంట్లు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు అప్పటికే వాళ్ల ఫైల్లో ఉంటాయి.

కాబట్టి నోరు తెరిచేది ఒకే ఒక్క మాట కోసం: ‘ఐ వాంట్ ఎ లాయర్. ఐ విల్ నాట్ ఆన్సర్ ఎనీ క్వశ్చన్స్ వితౌట్ మై లాయర్.’ ఈ మాట స్పష్టంగా, మర్యాదగా అనాలి. ‘మేబీ ఐ షుడ్ టాక్ టు ఎ లాయర్’ అంటే లాయర్‌ను అడిగినట్టు కాదని 1994లో డేవిస్ కేసులో తీర్పు వచ్చింది. మరి మాట్లాడకుండా కూర్చుంటే? అదీ చాలదు. మిషిగన్‌కు చెందిన ఒక నిందితుడు దాదాపు మూడు గంటలు పెద్దగా నోరు విప్పకుండా కూర్చుని, చివర్లో ఒకటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాడు. మౌనంగా ఉండే హక్కును వాడుకుంటున్నానని అతను నోటితో చెప్పలేదు కాబట్టి ఆ జవాబులను సాక్ష్యంగా వాడటం సరైనదేనని 2010లో బెర్గ్యుస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొహమాటానికి ‘మేబీ’, ‘ఐ థింక్’ అని మొదలుపెట్టే అలవాటు ఉన్న మనకు ఇది మరీ ముఖ్యం.

ఫోన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అరెస్ట్ చేసినంత మాత్రాన ఫోన్ లోపల వెతకడానికి లేదు, దానికి వారెంట్ కావాలని 2014లో రైలీ కేసులో తీర్పు ఉంది. కాబట్టి అడగ్గానే లాక్ తీసి ఇవ్వాల్సిన పని లేదు. దీనికి ఇంకో పక్క ఉంది. దర్యాప్తు సంగతి తెలియగానే వాట్సాప్ గ్రూపు డిలీట్ చేయడం, ఈమెయిళ్లు చెరిపేయడం, స్నేహితులకు ఫోన్ చేసి ‘అడిగితే ఇలా చెప్పండి’ అనడం మహా ప్రమాదం. దర్యాప్తును అడ్డుకోవడానికి రికార్డులు చెరిపేస్తే గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు. అసలు నేరానికి పడే శిక్ష కంటే ఇదే ఎక్కువ కావచ్చు. అవతలి వాళ్ల ఫోన్లలో ఆ మెసేజులు ఎలాగూ ఉంటాయి.

అరెస్ట్ జరిగాక ఎక్కువ ఆలస్యం లేకుండా మెజిస్ట్రేట్ జడ్జి ముందు హాజరుపరచాలి. వారెంట్ అసలు ఉద్దేశం అదే, ఈ మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని చెప్పడం. నేరం చేశాడని అందులో ఎవరూ తేల్చలేదు. వేలిముద్రలు, ఫొటో, డీఎన్ఏ నమూనా తీసుకుంటారు. ప్రీట్రయల్ సర్వీసెస్ (బెయిల్ కోసం నిందితుడి వివరాలు సేకరించే కోర్టు విభాగం) అధికారి వచ్చి కుటుంబం, ఉద్యోగం, ఆస్తులు, పాస్‌పోర్టు గురించి అడుగుతాడు. బెయిల్ విషయంలో జడ్జి ఎక్కువగా చూసేది అతను ఇచ్చే రిపోర్టే. అందుకే లాయర్‌తో మాట్లాడాకే ఆ అధికారితో కూర్చోవడం మంచిది. అక్కడ కేసు గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు.

మొదటి హాజరులో జడ్జి అభియోగం ఏమిటో, లాయర్‌ను పెట్టుకునే హక్కు, మాట్లాడకుండా ఉండే హక్కు గురించి చెప్తాడు. అమెరికా పౌరుడు కానివాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాలి: మీరు కోరితే మీ దేశ కాన్సులేట్‌కు కబురు చేస్తాం అని. ‘మీరు కోరితే’ అన్నది ఇక్కడ కీలకం. కొన్ని దేశాల పౌరులు పట్టుబడితే అడక్కపోయినా కాన్సులేట్‌కు తెలపాలన్న ఒప్పందాలు ఉన్నాయి. భారత్ ఆ జాబితాలో లేదు. కాబట్టి మనవాళ్లు నోరు తెరిచి అడగాలి. కాన్సులేట్ కేసు వాదించదు, జైలు నుంచి విడిపించదు. కానీ మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవడానికి, ఇక్కడి కుటుంబంతో మాట్లాడటానికి, లాయర్ల జాబితా ఇవ్వడానికి పనికొస్తుంది. 2019లో వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం ఆ విద్యార్థుల కోసం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది.

కేసు ఒక రాష్ట్రంలో, అరెస్ట్ ఇంకో రాష్ట్రంలో అయితే, మొదటి హాజరు సాధారణంగా అరెస్ట్ అయిన చోటే ఉంటుంది. వారెంట్‌లోని మనిషి ఇతనేనా అని తేల్చే విచారణ అడిగే హక్కు అప్పుడు ఉంటుంది. ఇంటిపేరు ముందా వెనకా, రెడ్డికి ఏ స్పెల్లింగ్, కుమార్ అసలు పేరా చివరి పేరా అన్న గందరగోళం మన పాస్‌పోర్టులన్నిటిలో ఉన్నదే. పేరొకటే అయిన వేరే మనిషి అయితే అక్కడే తేలాలి.

ఇక బెయిల్. ఫెడరల్ కోర్టులో డబ్బు కట్టి బయటికి రావడం అరుదు. 1984 చట్టం ప్రకారం జడ్జి చూసేది రెండే: మనిషి పారిపోతాడా, బయట ఉంటే సమాజానికి ప్రమాదమా. కట్టలేనంత డబ్బు షరతు పెట్టి, ఆ కారణంగా లోపల ఉంచకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. వీసా మీద ఉన్నవాళ్లకు మొదటి చిక్కు ఎక్కువ. తల్లిదండ్రులు, ఆస్తులు అన్నీ ఇండియాలోనే ఉన్నాయంటే పారిపోతాడనే ప్రాసిక్యూటర్ వాదిస్తాడు. గుంటూరులో పొలం కాగితాలు చూపిస్తే ఆ జడ్జి దగ్గర పెద్దగా ఉపయోగం ఉండదు, ఎదురు తిరిగినా తిరగొచ్చు. పనికొచ్చేది అమెరికాలోని మూలాలు: భార్యాపిల్లలు, ఇంటి లీజు, ఉద్యోగం, పూచీ పడే గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉన్న బంధువు. మొదటి రోజే ఆ బంధువు కోర్టు హాల్లో కూర్చుని ఉంటే లాయర్ వేలు పెట్టి చూపించగలడు. లోపలే ఉంచాలని ప్రభుత్వం కోరితే విచారణకు మామూలుగా మూడు రోజుల దాకా, మనవైపు కోరితే ఐదు రోజుల దాకా గడువు తీసుకోవచ్చు. ఆ వ్యవధిలో కాగితాలన్నీ సిద్ధం కావాలి. ఇక్కడ ఇంకో మెలిక: క్రిమినల్ కోర్టు వదిలేసినా ఇమిగ్రేషన్ వాళ్లు తలుపు దగ్గరే పట్టుకోవచ్చు.

ఇంతకీ లాయర్ ఎవరు? ఇబ్బంది మొదలయ్యేది ఇక్కడే. మనవాళ్లు మొదట ఫోన్ చేసేది హెచ్1బీ వేసిన అటార్నీకి, లేదా ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన లాయర్‌కి. వాళ్లెంత మంచివాళ్లయినా ఇది వాళ్ల పని కాదు. ఆ డిస్ట్రిక్ట్‌లో ఫెడరల్ క్రిమినల్ కేసులు రోజూ నడిపేవాళ్లు కావాలి. డబ్బు లేకపోతే కోర్టే లాయర్‌ను ఇస్తుంది. 1964 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం కింద ఆ ఏర్పాటు ఉంది, ఆదాయం, ఆస్తుల వివరాలు రాసిచ్చే ఫారం నింపాలి. అది ప్రమాణపూర్వకంగా ఇచ్చేది, అందులో ఏదీ దాచకూడదు. వీసా ఏదన్నది దీనికి అడ్డు కాదు. ‘ఫ్రీ లాయర్’ అంటే మన దగ్గర ఒక చిన్నచూపు ఉంది. ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ల విషయంలో అది అన్యాయం. వాళ్లు చేసేది ఫెడరల్ కేసులే, అక్కడి జడ్జిల తీరు, ప్రాసిక్యూటర్ల పద్ధతి వాళ్లకు బాగా తెలుసు. ఫెడరల్ కోర్టు అనుభవం లేని ఖరీదైన లాయర్ కంటే వాళ్లే నయమని నా నమ్మకం.

ఇమిగ్రేషన్ కోర్టులో మాత్రం ఆ వెసులుబాటు లేదు. లాయర్‌ను పెట్టుకోవచ్చు, ఖర్చు మనదే. ఫార్మింగ్టన్ విద్యార్థులు తెలుగు సంఘాల వైపు, విరాళాల మీద పనిచేసే లాయర్ల వైపు చూడాల్సి వచ్చింది అందుకే.

ఫీజు కట్టి పెట్టుకునేటప్పుడు అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగాలి. ఈ కోర్టులో ఎన్ని కేసులు చేశారు? కోర్టులో నిలబడేది మీరేనా, మీ జూనియరా? ఈ ఫీజు ట్రయల్ దాకా సరిపోతుందా, ఇక్కడికేనా? ‘నేను చూసుకుంటా, ఏమీ కాదు’ అని హామీ ఇచ్చేవాళ్ల దగ్గర ఆగొద్దు. కన్సల్టెన్సీ యజమాని ‘మా లాయరే నీకూ చూస్తాడు, ఖర్చు నాది’ అంటే ఇంకా జాగ్రత్త. ఉద్యోగి నిజం చెబితే ఇరుక్కునేది యజమానే కావచ్చు. ఆ లాయర్ ఎవరి కోసం పనిచేస్తున్నట్టు?

ఫెడరల్ కేసుల్లో నూటికి తొంభై దాకా ట్రయల్ లేకుండా, నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి. పౌరసత్వం లేనివాళ్లకు అసలు గండం అక్కడే పొంచి ఉంటుంది. జైలు తక్కువ అని ఒప్పుకున్న నేరమే దేశం నుంచి శాశ్వతంగా పంపించేయడానికి కారణం కావచ్చు. ఉదాహరణకు మోసం కేసులో నష్టం 10,000 డాలర్లు దాటితే ఇమిగ్రేషన్ చట్టంలో దాన్ని ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ (తీవ్రమైన నేరం)గా లెక్కిస్తారు. ఇరవై ఏళ్ల గ్రీన్‌కార్డు ఉన్నా దాని ముందు నిలవడం కష్టం. నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ పర్యవసానాలు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని 2010లో పడీలా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. క్రిమినల్ లాయర్, ఇమిగ్రేషన్ లాయర్ ఇద్దరూ మాట్లాడుకున్నాకే సంతకం పెట్టాలి.

వారెంట్ ఉందని తెలిసి ఇండియాకు వెళ్లిపోతే పోతుందా అని అడిగేవాళ్లున్నారు. పోదు. ఫెడరల్ వారెంట్ అమలయ్యేదాకా లేదా రద్దయ్యేదాకా బతికే ఉంటుంది. చాలా నేరాలకు కేసు పెట్టడానికి ఉండే ఐదేళ్ల గడువు పారిపోయిన వ్యక్తి విషయంలో లెక్కకు రాకుండా ఆగిపోతుంది. రెండు దేశాల మధ్య 1997లో సంతకమైన నేరస్తుల అప్పగింత ఒప్పందమూ ఉంది.

ఇన్ని నిజమైన వారెంట్ల మధ్య అబద్ధపు వారెంట్లు కూడా తిరుగుతున్నాయి. ‘మీ పేరున ఫెడరల్ వారెంట్ ఉంది, ఇప్పుడే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి’ అని విద్యార్థులకు ఫోన్లు వస్తాయి. ఫోన్ తెర మీద కనిపించే నంబరు నిజంగా ప్రభుత్వ ఆఫీసుదే కావచ్చు, దాన్ని మార్చి చూపించడం వాళ్లకు తేలిక. మన దగ్గర ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో పెద్దవాళ్లను దోచుకుంటున్న ముఠాల పద్ధతే ఇది. ఏ కోర్టూ, ఏ మార్షలూ ఫోన్‌లో డబ్బు తీసుకుని వారెంట్ రద్దు చేయరు. అనుమానం ఉంటే ఆ ఫోన్ పెట్టేసి, లాయర్ చేత వాకబు చేయించుకోవాలి.

ఇక ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకు. మిషిగన్‌లో చలికాలం పొద్దున ఆరు గంటలకు తలుపు తడితే మనకు సాయంత్రం నాలుగున్నర. ఆ రాత్రి మీ చేతిలో ఉండాల్సినవి పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పేరు, పుట్టిన తేదీ, ఉంటే ‘ఏ నంబర్’ (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే, ‘A’ అక్షరంతో మొదలయ్యే నంబరు), ఏ ఊళ్లో ఎవరు తీసుకెళ్లారన్న వివరం. ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర ఉంటే ఐస్ (ఇమిగ్రేషన్ అరెస్టులు చేసే సంస్థ) వెబ్‌సైట్‌లోని డిటైనీ లొకేటర్‌లో ‘ఏ నంబర్’తో గానీ, పేరుతో గానీ, పుట్టిన దేశం కూడా ఇచ్చి వెతకొచ్చు. మార్షల్స్ దగ్గర ఉంటే ఆ జాబితాలో కనపడకపోవచ్చు, అప్పుడు ఆ డిస్ట్రిక్ట్ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసుకు ఫోన్ చేయించాలి. జైలు నుంచి ఫోన్ వస్తే కేసు గురించి ఏమీ అడగొద్దు. ఆ కాల్స్ రికార్డు అవుతాయి. తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవద్దు, అవసరమైతే అనువాదం చేయించుకుంటారు. ఆరోగ్యం ఎలా ఉంది, రోజూ వేసుకునే మందులు ఇస్తున్నారా, లాయర్ వచ్చాడా, అతని పేరు, ఫోన్ నంబర్ ఏమిటి, వాయిదా ఎప్పుడు అన్నవి అడిగి, మిగతాదంతా ఆ లాయర్‌నే అడగండి.